రేపే ఆర్టీఏ ట్రాక్ టెస్టా? టెన్షన్ వద్దు.. అక్కడ చూసేది స్పీడ్ కాదు, ఎంత స్లోగా నడుపుతారన్నదే!

సికింద్రాబాద్: లెర్నింగ్ లైసెన్స్ వచ్చి నెల దాటింది. స్లాట్ బుక్ అయింది. పొద్దున్నే ట్రాక్ దగ్గర ఉండాలి. రాత్రి మాత్రం నిద్ర పట్టట్లేదు. మధ్యలో ఇంజిన్ ఆగిపోతే? రివర్స్‌లో రాడ్‌కు తగిలితే? లైన్‌లో నిల్చున్న వాళ్లంతా చూసి నవ్వితే? ఫెయిలయ్యానని ఇంట్లో ఎలా చెప్పాలి?

ఇవన్నీ మీ ఒక్కరికే వస్తున్న ఆలోచనలు కావు. మొదటిసారి ట్రాక్ ఎక్కే దాదాపు ప్రతి ఒక్కరి బుర్రలో తిరిగేవే. అందుకే ఈ స్టోరీ. ట్రాక్‌లో ఏం అడుగుతారు, ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి, ముందు నెల రోజులు ఏం ప్రాక్టీస్ చేయాలి, ఫెయిలైతే రూల్ ఏం చెబుతోంది.. అన్నీ ఒక్కచోట చూద్దాం.

ట్రాక్ అంటే రేస్ ట్రాక్ కాదు!

ట్రాక్ అనగానే మన సిటీ వాళ్లకు 2023 ఫిబ్రవరి 11 గుర్తుకొస్తుంది. ఆ రోజు హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేస్ జరిగింది. 18 మలుపులు, దాదాపు 2.8 కిలోమీటర్ల సర్క్యూట్. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అక్కడ సెకనులో పదో వంతు కూడా లెక్కే.

ఆర్టీఏ ట్రాక్ దీనికి పూర్తిగా రివర్స్. ఇక్కడ బండి నడక స్పీడ్‌లో పోతే చాలు. తొందరపడినవాళ్లే ఎక్కువగా తప్పులు చేస్తారు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే సగం భయం అక్కడే పోతుంది.

సికింద్రాబాద్ వాళ్ల ఆర్టీఏ ఆఫీస్ తిరుమలగిరిలో ఉంది. ఒకప్పుడు ఏపీ 10, తర్వాత టీఎస్ 10, 2024 మార్చి నుంచి టీజీ 10.. బండి నంబర్లలో కనిపించే ఆ 10 మనదే. అయితే టెస్ట్ టైమ్, ట్రాక్ అడ్రస్ మాత్రం మీ స్లాట్ కాగితంలో ఏముందో అదే ఫైనల్. నాగోల్ ట్రాక్ బాగా ఫేమస్ కదా అని ఎవరో చెప్పగానే అటు బయల్దేరకండి. ముందు రోజే ఒకసారి కాగితం తీసి చదువుకోండి.

ఇన్‌స్పెక్టర్ అసలు ఏం చూస్తారు?

డ్రైవింగ్ టెస్ట్‌లో ఏమేం చూడాలో 1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో రాసి ఉంది. 15వ రూల్ అది. పెద్ద లిస్టే ఉంటుంది కానీ, తేలిక మాటల్లో చెప్పుకుంటే ఇదీ సంగతి.

బండి ఎక్కగానే అద్దం సరిచేసుకున్నారా? స్టార్ట్ చేసే ముందు జాగ్రత్తలు తీసుకున్నారా? కుదుపు లేకుండా ముందుకు కదిలించారా? గేర్లు సాఫీగా మార్చారా? ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించారా? తిరిగే ముందు అద్దంలో చూసి ఇండికేటర్ వేశారా? ఇరుకు సందులోకి రివర్స్‌లో కంట్రోల్‌గా తీసుకెళ్లారా? పాదచారులు దాటే చోట సరిగ్గా ప్రవర్తించారా? ధ్యాస బండి మీదే ఉందా?

ఈ లిస్టులో సందర్భానికి తగ్గట్టు స్పీడ్ అదుపులో పెట్టడం ఉంది. ఎంత ఫాస్ట్‌గా పోగలరన్నది ఎక్కడా లేదు. పక్కవాళ్లతో మర్యాదగా నడపడం కూడా ఉంది. అంటే ఊరికే హారన్ కొట్టేవాళ్లు కూడా ఒకసారి ఆలోచించుకోవాలి.

ఈ స్కిల్స్‌ను పరీక్షించడానికే ట్రాక్ మీద హెచ్, ఎనిమిది, ఎస్, ఎత్తుపల్లం లాంటి దారులు గీస్తారు. కారుకు వేరు, బైక్‌కు వేరు. రెండింటికీ అప్లై చేస్తే రెండు టెస్టులూ ఇవ్వాల్సిందే.

నెల రోజుల లెక్క.. ఇక్కడే చాలామంది మోసపోతారు

లెర్నింగ్ లైసెన్స్ వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్ట్‌కు వెళ్లాలి. ఆ లైసెన్స్ గడువు 6 నెలలు. చట్టం ఆ నెల రోజులు ఇచ్చింది ఎదురుచూడటానికి కాదు, నేర్చుకోవడానికి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. డ్రైవింగ్ స్కూల్‌లో రోజుకు అరగంట చొప్పున 20 రోజులు నేర్చుకున్నారనుకుందాం. మొత్తం 10 గంటలు. అందులో ట్రాఫిక్‌లో ఆగిన టైమ్, మీ తర్వాతి వాళ్లను ఎక్కించుకోవడానికి పోయిన టైమ్ తీసేస్తే ఇంకా తక్కువ. మరి కేంద్రం 2021 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చిన అక్రెడిటెడ్ ట్రైనింగ్ సెంటర్ల రూల్స్‌లో కారు కోర్సు ఎంతో తెలుసా? 4 వారాల్లో 29 గంటలు. తేడా మీకే అర్థమవుతుంది. అంటే స్కూల్ అయిపోయింది కదా అని ఆపేయకూడదు. ఇంట్లో లైసెన్స్ ఉన్న అన్నయ్యనో, నాన్ననో, అక్కనో పక్కన కూర్చోబెట్టుకుని ఇంకొన్ని గంటలు నడపాలి.

అలా నడిపేటప్పుడు రెండు రూల్స్ మర్చిపోవద్దు. ఒకటి, బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్ర అక్షరంతో ఎల్ బోర్డు ఉండాలి. రెండోది, పక్కన కూర్చునే మనిషికి లైసెన్స్ ఉండాలి. అవసరమైతే బండి ఆపగలిగేలా కూర్చోవాలి. బైక్ నేర్చుకునేటప్పుడు వెనకాల ఫ్రెండ్‌ను ఎక్కించుకోవడం కూడా తప్పే. నేర్పించే లైసెన్స్ హోల్డర్ తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు.

ఇంకో ముఖ్యమైన విషయం. స్కూల్ కార్లలో సార్ వైపు కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి. మనం బాగా నడిపేస్తున్నాం అనుకుంటాం. కానీ బండి ఆగిపోకుండా కాపాడుతున్నది కింద ఉన్న సార్ కాలు! అందుకే చివరి నాలుగైదు క్లాసుల్లో ధైర్యం చేసి అడగండి. ‘సార్, ప్రమాదం అయితే తప్ప మీరు కాలు పెట్టొద్దు’ అని. ఆ రోజు బండి పదిసార్లు ఆగిపోవచ్చు. ఆగిపోనీ. అదే మీ అసలు మొదటి క్లాస్ అనుకోండి.

క్లచ్ వస్తే కారు వచ్చినట్టే

ట్రాక్ మీద బండిని నడక స్పీడ్‌లో ఉంచేది యాక్సిలరేటర్ కాదు, క్లచ్. పెడల్‌ను పూర్తిగా తొక్కి, ఫస్ట్ గేర్ వేసి, మెల్లగా వదులుతూ వస్తే ఒక చోట ఇంజిన్ శబ్దం కొంచెం బరువెక్కుతుంది. బండి కదలాలని చూస్తుంది. డ్రైవర్లు హాఫ్ క్లచ్ అనేది ఇదే. ప్రతి కారుకు ఈ పాయింట్ వేరే ఎత్తులో ఉంటుంది.

దీనికి ఒక సింపుల్ ప్రాక్టీస్ ఉంది. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే కాలనీ రోడ్డు చూసుకోండి. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, ఒక్క క్లచ్‌తోనే బండిని పది అడుగులు కదిలించి ఆపండి. మళ్లీ కదిలించి ఆపండి. తర్వాత ఇదే పని రివర్స్‌లో చేయండి. పావుగంట చేస్తే ఎడమ కాలు లాగుతుంది. కానీ వారం తిరిగేసరికి ఆ కాలే మీ మాట వింటుంది.

టెస్ట్‌కు ఏ కారు తీసుకెళ్తున్నారో ఆ కారులోనే ఈ ప్రాక్టీస్ చేయాలి. రోజూ స్కూల్ చిన్న కారులో నేర్చుకుని, టెస్ట్ రోజు మామయ్య పెద్ద కారు తెచ్చుకుంటే క్లచ్ పాయింట్ మారిపోతుంది, బానెట్ పొడవు మారిపోతుంది. ఆ టెన్షన్‌లో కొత్త బండితో పరిచయం పెట్టుకోవడం అవసరమా?

హెచ్ ట్రాక్: ఎక్కడ తగులుతుంది?

పేరుకు తగ్గట్టే హెచ్ అక్షరంలా దారి ఉంటుంది. పక్కనే రాడ్లు. ఒక నిలువు దారిలో ముందుకు వెళ్లి, రివర్స్‌లో మధ్య అడ్డదారి గుండా అవతలి నిలువు దారిలోకి రావాలి. ఏ వైపు నుంచి మొదలు, ఏ వరసలో అన్నది అక్కడ చెబుతారు. మీ ముందు ఇద్దరు ముగ్గురు చేసేది నిలబడి చూస్తే క్లియర్‌గా అర్థమవుతుంది.

ఇక్కడ మూడు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, రివర్స్‌లో స్టీరింగ్ ఎటు తిప్పితే బండి వెనక భాగం అటే పోతుంది. కంగారులో చాలామంది ఇదే మర్చిపోతారు. ఎడమకు రావాలంటే ఎడమకే తిప్పాలి. అంతే.

రెండోది, మలుపులో వెనక చక్రం ముందు చక్రం కంటే లోపలికి కోసుకుంటూ వస్తుంది. లోపలి మూల రాడ్‌కు మరీ ఆనుకుని తిప్పితే వెనక టైరు గానీ, డోర్ గానీ తగిలేది అందుకే. మూలకూ బండికీ మధ్య కొంచెం జాగా వదలండి.

మూడోది, రివర్స్‌లో తిరిగేటప్పుడు బండి ముక్కు బయటి వైపుకు ఊగుతుంది. వెనక్కే చూస్తూ ఉంటే ముందు మూల వెళ్లి అవతలి రాడ్‌ను గుద్దుతుంది. ఎడమ అద్దం, కుడి అద్దం, ముందు మూల.. కళ్లు ఈ మూడింటి మధ్య తిరుగుతూనే ఉండాలి.

లెక్క తప్పినట్టు అనిపిస్తే? ఆపండి. బ్రేక్ తొక్కి ఆగి, స్టీరింగ్ ఎటు ఉందో చూసుకుని, అప్పుడు కదలండి. బండి కదులుతుండగా ఆలోచించడం కష్టం. ఆగి ఉన్నప్పుడు తేలిక. మధ్యలో ఎన్నిసార్లు ఆగొచ్చో మొదలుపెట్టే ముందే ఇన్‌స్పెక్టర్‌ను మర్యాదగా అడిగేయండి. తప్పేం లేదు.

ఎత్తు మీద ఆపి కదిలించడం.. నేను బోల్తా పడింది ఇక్కడే

ఇది రాస్తున్న నేను కూడా మొదటిసారి ఫెయిలయ్యా. హెచ్ బాగానే అయిపోయింది. అమ్మయ్య అనుకున్నా. ఎత్తు మీద ఆపమన్నారు, ఆపాను. కదలమన్నారు. బ్రేక్ మీద కాలు తీసి యాక్సిలరేటర్ మీదకు తెచ్చేలోపు బండి జర్రున వెనక్కి జారింది. భయపడి క్లచ్ ఒక్కసారిగా వదిలేశా. ఇంజిన్ ఆగిపోయింది. అంతే, కథ కంచికి.

తప్పు బండిది కాదు, ట్రాక్‌ది కాదు. నేను నెల రోజులూ చదును రోడ్డు మీదే నేర్చుకున్నా. హ్యాండ్ బ్రేక్‌ను పార్కింగ్‌కు తప్ప వాడిందే లేదు.

సరైన పద్ధతి ఇది. ఎత్తు మీద ఆగగానే హ్యాండ్ బ్రేక్ లాగండి. ఫస్ట్ గేర్ వేయండి. క్లచ్ మెల్లగా వదులుతూ, యాక్సిలరేటర్ కొంచెం ఇవ్వండి. ఇంజిన్ శబ్దం బరువెక్కి, బండి ముక్కు కాస్త పైకి లేచినట్టు అనిపిస్తుంది. అప్పుడు, అప్పుడే హ్యాండ్ బ్రేక్ వదలాలి. బండి వెనక్కి పోదు, ముందుకే పోతుంది. క్లచ్ కాలును మాత్రం వెంటనే ఎత్తేయకండి. రెండు సెకన్లు అక్కడే ఉంచండి.

రెండోసారి వెళ్లేముందు అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద ఎవరూ లేని టైమ్ చూసి, అన్నయ్యను పక్కన పెట్టుకుని, ఇదే పని యాభైసార్లు చేశా. వాచ్‌మన్ కూడా నవ్వాడు. కానీ ట్రాక్ మీద ఈసారి నవ్వింది నేను.

బైక్ వాళ్లకు: కళ్లు ఎటో బండి అటే

టూవీలర్‌కు ఎనిమిది అంకె ఆకారంలో దారి. కాలు కింద పెట్టకుండా తిరిగి రావాలి. ఇక్కడ పొరపాటు ఎక్కువగా చూపుతో మొదలవుతుంది. ముందు చక్రాన్నే చూస్తూ కూర్చుంటే బండి అక్కడే తడబడుతుంది. మీరు వెళ్లాల్సిన చోటును, అంటే మలుపు అవతలి వైపును చూడండి. తల తిప్పితే హ్యాండిల్ దానంతట అదే తిరుగుతుంది.

తక్కువ స్పీడ్‌లో హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేక్ పట్టుకుంటే బండి పక్కకు వాలిపోతుంది. స్పీడ్ తగ్గించాలంటే వెనక బ్రేక్ మెత్తగా వాడండి. హెల్మెట్ చేతికి తగిలించుకుని కాదు, తలకు పెట్టుకుని, స్ట్రాప్ బిగించి ట్రాక్ ఎక్కండి.

ముందు రోజు రాత్రి.. ఆ రోజు పొద్దున

కాగితాలన్నీ ఒక కవర్‌లో పెట్టుకోండి. లెర్నింగ్ లైసెన్స్, స్లాట్ కాగితం, ఒరిజినల్ గుర్తింపు కార్డు. తీసుకెళ్లే బండి ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. వాటి గడువు తేదీలు రాత్రే చూసుకోండి. డ్రైవింగ్ బాగా వచ్చి కూడా కాగితం అయిపోయి వెనక్కి రావడం కంటే చిరాకు ఇంకోటి ఉండదు.

బ్రేక్ లైట్, ఇండికేటర్లు, హారన్ పనిచేస్తున్నాయో లేదో చెక్ చేయండి. టైర్లలో గాలి చూడండి. కాలికి మెత్తటి షూ వేసుకోండి. జారిపోయే చెప్పులు, ఎత్తు హీల్స్ వద్దు. పెడల్ ఎంత తొక్కుతున్నామో పాదానికి తెలియాలి.

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. అలాగని టెన్షన్ తగ్గుతుందని నాలుగు చాయ్‌లు లాగించొద్దు, చేతులు వణుకుతాయి. రెండు ఇడ్లీ తిని, నీళ్ల బాటిల్ పట్టుకుని, అరగంట ముందే చేరుకోండి.

కారు ఎక్కాక మొదటి నిమిషం మీది. సీటు ముందుకు జరిపి క్లచ్ పూర్తిగా తొక్కగలుగుతున్నారో చూడండి. అద్దాలు సరిచేయండి. బెల్ట్ పెట్టుకోండి. గేర్ న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి స్టార్ట్ చేయండి. ఇవి మీ టెన్షన్ తగ్గిస్తాయి, పైగా రూల్స్ ప్రకారం చూసే అంశాలు కూడా ఇవే. ఫోన్ సైలెంట్‌లో పెట్టేయండి. రీల్ తర్వాత తీసుకోవచ్చు.

చేతులు వణికితే ఏం చేయాలి? ఊపిరి మెల్లగా వదలండి. స్టీరింగ్‌ను గట్టిగా పిసక్కుండా వదులుగా పట్టుకోండి. వెనకాల లైన్‌లో ఉన్నవాళ్లు మిమ్మల్ని చూసి నవ్వుతున్నారనుకోవద్దు. వాళ్ల కడుపులో కూడా అవే సీతాకోకలు కాదు, ఏకంగా రైళ్లు పరిగెడుతుంటాయి!

ఫెయిలైతే ఏమవుతుంది?

ఏమీ కాదు. నిజంగా. మోటార్ వాహనాల చట్టం 9వ సెక్షన్ ప్రకారం 7 రోజుల తర్వాత మళ్లీ టెస్ట్ ఇవ్వొచ్చు. వరసగా మూడుసార్లు పాస్ కాకపోతే మాత్రం చివరి టెస్ట్ నుంచి 60 రోజులు ఆగాలి. 2019 సవరణ తర్వాత అలాంటివాళ్లు మళ్లీ ట్రైనింగ్ తీసుకోవాలన్న నిబంధన కూడా చేరింది. అప్పటికి లెర్నింగ్ లైసెన్స్ 6 నెలల గడువు దాటిపోతోందేమో ఒక కన్నేసి ఉంచండి.

ఫెయిలైన రోజు ఇంటికి రాగానే ఒక పని చేయండి. ఎక్కడ తప్పు జరిగిందో ఒక్క లైన్‌లో రాసుకోండి. ‘ఎత్తు మీద జారింది’. ‘రెండో మలుపులో కుడి మూల తగిలింది’. వారంలో ఆ ఒక్కదాన్నే ప్రాక్టీస్ చేయండి. అన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిన పనిలేదు.

‘మనోడున్నాడు.. చూసుకుంటాడు’ అంటే?

ట్రాక్ బయట ఎవరో ఒకరు చెవిలో ఈ మాట వేస్తారు. కొంత పైసలిస్తే టెస్ట్ సంగతి తాను చూసుకుంటానంటాడు. భయంలో ఉన్నవాళ్లకు ఆ మాట తీయగానే ఉంటుంది. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి.

డ్రైవింగ్ టెస్ట్ ఎందుకు పుట్టిందో తెలుసా? బ్రిటన్‌లో 1935 జూన్ 1 నుంచి కొత్త డ్రైవర్లకు టెస్ట్ తప్పనిసరి చేశారు. అప్పటికే రోడ్ల మీద చావులు జనాన్ని భయపెట్టే స్థాయికి చేరాయి. మన దగ్గర లెక్క చూస్తే గుండె ఆగుతుంది. కేంద్ర రవాణా శాఖ రిపోర్ట్ ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు.

ట్రాక్ మీద రాడ్‌కు తగిలితే పోయేది ఒక వారం. అదే తప్పు బయట జరిగితే? సంగీత్ చౌరస్తా నుంచి ప్యాట్నీ వైపు సాయంత్రం ట్రాఫిక్ ఊహించుకోండి. ఫ్లైఓవర్ ఎత్తు మీద బండ్లు ఆగిపోయాయి. మీ వెనక రెండడుగుల దూరంలో స్కూటీ మీద అమ్మ, ముందు నిలబడిన చిన్న పిల్ల. మీ కారు జర్రున వెనక్కి జారితే అక్కడ ఇనుప రాడ్ ఉండదు, వాళ్లుంటారు. రైల్వే స్టేషన్ ముందు సామాన్లు మోసుకుంటూ రోడ్డు దాటేవాళ్లను అడిగి చూడండి, బ్రోకర్ ఇప్పించిన లైసెన్స్ విలువెంతో చెబుతారు.

టెస్ట్ కొనుక్కోవచ్చేమో. హాఫ్ క్లచ్ కొనుక్కోలేం.

లైసెన్స్ లేకుండా నడిపితే 2019 సవరణ తర్వాత చట్టం ప్రకారం జరిమానా 5,000 రూపాయలు. మైనర్ బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులు లేదా బండి ఓనర్‌కు 25,000 జరిమానాతో పాటు 3 ఏళ్ల వరకు జైలు కూడా ఉంది. కాబట్టి టెస్ట్ తప్పించుకుందాం, ఊరికే నడిపేద్దాం అన్న ఆలోచన కూడా వద్దు.

చివరిగా ఒక్క మాట

భయం ఉండటం చెడ్డ గుణం కాదు. భయం ఉన్నవాళ్లే అద్దంలో రెండుసార్లు చూస్తారు. కొంచెం భయం, బాగా ప్రాక్టీస్.. ఈ రెండూ ఉన్న డ్రైవర్ పక్కన కూర్చోవడానికి ఇంట్లో వాళ్లు కూడా ధైర్యం చేస్తారు.

రేపు ట్రాక్ ఎక్కేముందు ఇది గుర్తు చేసుకోండి. బెల్ట్, అద్దం, న్యూట్రల్, హాఫ్ క్లచ్. డౌటొస్తే బ్రేక్. మిగతాది మెల్లగా, నడక స్పీడ్‌లో. ఆల్ ది బెస్ట్!